అప్‌డేట్: నాన్న సినిమా చూశారు, నవ్వారు కూడా!

పోయిన వారం అడిగాను, గుర్తుందా? ఫైట్లు, డబుల్ మీనింగులు లేకుండా, కేవలం మాటలతోనే నవ్వించే చిన్న సినిమా ఏదైనా చెప్పండి, గుంటూరులో మా నాన్నతో కలిసి చూడాలి అని. ఎక్కువమంది 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'సినిమా బండి' చెప్పారు. ఆదివారం రాత్రి పెట్టేశాం.

మొదటి పావుగంట టెన్షనే. "ఇందులో తెలిసిన మొహం ఒక్కటీ లేదేంట్రా?" అని నాన్న రెండుసార్లు అడిగారు. అమ్మ వేసిన మిరపకాయ బజ్జీలు ఉన్నాయి కాబట్టి లేచి వెళ్లలేదు, అంతే. తన ఆటోలో దొరికిన కెమెరాతో డ్రైవర్ వీరబాబు సినిమా తీద్దాం అన్నాక, పెళ్లి ఫొటోలు తీసే గణపతి పెద్ద కెమెరామన్‌లా బిల్డప్ ఇస్తుంటే నాన్న చేతిలో బజ్జీ అలాగే ఆగిపోయింది. మా చుట్టాల పెళ్లిళ్లకు వచ్చే ఫొటోగ్రాఫర్ అచ్చం ఇంతేనట!

ఒక ఇబ్బంది మాత్రం చెప్పాలి. కర్ణాటక సరిహద్దు పల్లె యాస మా చెవులకు కొత్త. కొన్ని మాటలు వెనక్కి తిప్పి విన్నాం. కానీ ఆ యాస తీసేస్తే సగం నవ్వు పోతుంది. పంచ్ డైలాగులా వేయరు, మామూలుగా అనేసి వెళ్లిపోతారు. నిర్మాతలు 'ద ఫ్యామిలీ మ్యాన్' సిరీస్ తీసిన రాజ్, డీకే అని తెలిసి బావ ఆశ్చర్యపోయాడు. దర్శకుడు ప్రవీణ్ కండ్రేగులకు ఇదే మొదటి సినిమా.

నిన్న పొద్దున ఆటో ఎక్కుతూ నాన్న సీటు వెనక చెయ్యి పెట్టి వెతికారు. "ఏం పోయింది సార్?" అన్నాడు డ్రైవర్. "కెమెరా ఏమన్నా ఉందేమోనని" అన్నారు!