కస్టమర్ కేర్ నుంచి ఇన్సూరెన్స్ సేల్స్‌కి వెళ్లొచ్చా?

హనుమకొండ అమ్మాయి:
ఆరేళ్లుగా హైదరాబాద్‌లో ఒక లైఫ్ ఇన్సూరెన్స్ కంపెనీ కస్టమర్ కేర్‌లో చేస్తున్నాను. చేతికి 23 వేలు. రోజుకి 70, 80 కాల్స్. ఎక్కువమంది గొడవ ఒకటే: "ఐదేళ్లు కడితే చాలన్నాడమ్మా మీవాడు, ఇప్పుడేమో పదేళ్లంటున్నారు." ఆ మీవాడు ఎవరో నాకు తెలీదు, తిట్లు మాత్రం నాకే.

ఇప్పుడు వేరే కంపెనీలో ఏజెన్సీ మేనేజర్ ఆఫర్ వచ్చింది. 28 వేలు ఫిక్స్‌డ్, పైన ఇన్సెంటివ్. ఇంటర్వ్యూ అయ్యాక ఒక కాగితమిచ్చి, తెలిసినవాళ్ల పేర్లు వంద రాయమన్నారు. 34 దగ్గర ఆగిపోయాను. అందులో మా మేనత్త పేరు రెండుసార్లు రాశానని బస్సులో గుర్తొచ్చింది. ఫోన్‌లో ఎంత కోపంగా ఉన్నవాళ్లనైనా చల్లబరుస్తాను. పిలవని ఇంటికెళ్లి పాలసీ తీసుకోమనడం నా వల్ల అవుతుందా?

నల్గొండ ఏజెంట్:
అమ్మా, అది పాలసీలు అమ్మే పని అనుకోకు, ఏజెంట్లను చేర్చే పని. నువ్వు తెచ్చినవాళ్లను ట్రైనింగ్‌లో కూర్చోబెట్టి, ఏజెంట్ కావాలంటే రాయాల్సిన ఐసీ 38 పరీక్ష పాస్ చేయించాలి. పాసైనవాళ్లలో చాలామంది సొంతానికో పాలసీ, బావమరిదికో పాలసీ చేసి మళ్లీ కనపడరు. నేను 19 ఏళ్లుగా ఏజెంటుని. ఎప్పుడో చేసిన పాలసీలకి ఇప్పటికీ రెన్యువల్ కమిషన్ వస్తోంది. జీతం మీద ఉండే మేనేజర్‌కి అది రాదు. నెలకి ఎంతమందిని చేర్చాలో, చేర్చకపోతే ఏం చేస్తారో ముందే అడుగు.

మాజీ కాల్ సెంటర్:
నేను టెలికాం కాల్ సెంటర్ నుంచి ఇటొచ్చాను. మొదటి మూడు నెలలు చుట్టాలతో గడిచింది. నాలుగో నెల నుంచి సోమవారం మీటింగ్ అంటే కడుపులో తిప్పేది. ఒక మార్చిలో టార్గెట్‌కి ఒక్క పాలసీ తక్కువైతే, మొదటి ప్రీమియంలో సగం నా జేబులోంచి కట్టాను. ఇన్సూరెన్స్ చట్టం సెక్షన్ 41 ప్రకారం అది తప్పు, 10 లక్షల దాకా జరిమానా పడొచ్చు. అప్పుడు ఆ భయం లేదు, టార్గెట్ భయమే. ఆ కస్టమర్ రెండో ఏడాది కట్టలేదు. నా 13వ నెల పర్సిస్టెన్సీ, అంటే ఏడాది దాటాక కూడా ప్రీమియం కట్టేవాళ్ల శాతం, పడిపోయింది, దాంతోపాటే ఇన్సెంటివ్ కూడా. ఇలా సొంత డబ్బు పెట్టమనే చోటయితే వెళ్లకండి.

ఉప్పల్ వాసి:
జనం దేనికి తిడతారో మీకు తెలుసు, అమ్మేవాళ్లకి తెలీదు. పాలసీ చేతికొచ్చాక 30 రోజుల్లో వెనక్కి ఇచ్చేయొచ్చని నాకు అమ్మినాయన చెప్పనేలేదు. అదీ, ఎన్నేళ్లు కట్టాలన్నదీ మొదటి రోజే చెప్పే మనిషి దగ్గర నేనయితే తీసుకుంటాను.

హనుమకొండ అమ్మాయి:
అందరికీ థ్యాంక్స్. హెచ్‌ఆర్‌కి ఫోన్ చేశాను. నెలకి నలుగురు ఏజెంట్లట. చేర్చలేకపోతే ఏంటంటే, "అంత నెగెటివ్‌గా ఆలోచించకండి మేడమ్" అన్నారు. రోజుకి 80 సార్లు ఇలాంటి మాటలు నేనే చెప్తాను కదా, వెంటనే అర్థమైంది. ఈ ఆఫర్ వద్దనుకున్నాను. సేల్స్ మాత్రం వదల్లేదు. మా ఆఫీసులోనే, వివరాల కోసం వాళ్లంతట వాళ్లు ఫోన్ చేసేవాళ్లకి పాలసీ అమ్మే టీమ్ ఒకటుంది. సోమవారం అడుగుతాను.

ఆ 34 పేర్ల కాగితం వాళ్ల దగ్గరే ఉండిపోయింది. మేనత్తకి అప్పుడే రెండుసార్లు ఫోన్ చేశారట.