ఏకపాత్ర నాటకానికి వేదిక, స్పాన్సర్లు ఎలా దొరుకుతారు?

నేనే రాసుకుని నేనే ఆడే గంట నిడివి ఏకపాత్ర నాటకం సిద్ధంగా ఉంది. సెట్ అంటూ ఏమీ లేదు, ఒక కుర్చీ, ఒక ట్రంకు పెట్టె, నాలుగు లైట్లు. అరవై డెబ్భై మంది పట్టే గది చాలు. పెద్ద ఆడిటోరియాల వాళ్లు అద్దె మొత్తం ముందే కట్టమంటున్నారు. పైగా అక్కడ వెనక వరసకి నా మొహం కూడా కనబడదు.

అద్దెకి బదులు టికెట్ డబ్బులో వాటా తీసుకునే చోట ఎవరైనా ఆడారా? వాటా ఎంత ఉంటే న్యాయం? లైట్లు సరిచూసుకునే రిహార్సల్ టైమ్ కూడా ముందే మాట్లాడుకోవాలా? లైబ్రరీలు, కాలేజీలు, ఆర్ట్ గ్యాలరీల్లో ఆడినవాళ్లుంటే, మొదట ఎవరిని కలిశారో చెప్పండి.

స్పాన్సర్ల సంగతి ఇంకా టెన్షన్. ముగ్గురికి రాస్తే ఒక్కరూ పలకలేదు. నాటకం గొప్పతనం రెండు పేజీలు రాశాను గానీ, వాళ్లకేం ఒరుగుతుందో ఒక్క ముక్క రాయలేదు, అదే తప్పేమో. నగదు కాకుండా పోస్టర్ల ముద్రణ, సౌండ్ సామాను లాంటివి అడిగితే తేలిగ్గా ఒప్పుకుంటారా? చిన్న వీడియో పంపాలా, రిహార్సల్‌కే పిలవాలా? కథలో వేలు పెట్టే స్పాన్సర్ మాత్రం వద్దు.