అప్‌డేట్: హాల్లో పెట్టిన క్రోటన్ ఆకులు రాల్చడం ఆపింది

నర్సరీ నుంచి తెచ్చిన పెట్రా రకం క్రోటన్ ఇంట్లోకి రాగానే ఆకులు రాలుస్తోంది, నీళ్లు ఎక్కువ పోయాలా అని అడిగాను కదా, ఇప్పుడు బాగుందండీ. కాండం మీద గోరుతో చిన్నగా గీరి చూడమన్నారు, గీరితే లోపల పచ్చగానే ఉంది, అంటే మొక్క బతికే ఉందన్నమాట, దాంతో సగం టెన్షన్ పోయింది. చోటు మారితే ఆకులు రాల్చడం దీనికి మామూలేనట.

ఏసీ గాలి తగలకుండా తూర్పు కిటికీ దగ్గరికి జరిపాను, మళ్లీ కదపలేదు. కుండీ మార్చమని ఒకరిద్దరు అన్నారు గానీ అసలే బెదిరిపోయి ఉన్న మొక్క వేళ్లని ఇంకా కెలకడం ఎందుకని ఊరుకున్నాను. పైమట్టి వేలికి పొడిగా తగిలితేనే నీళ్లు, అదీ అడుగు నుంచి కారేదాకా. నీళ్లు లేకపోయినా బతుకుతుంది అంటారే, అది నేలలో వేళ్లు దిగిన చెట్టుకి సరే, కుండీలో మరీ ఎండితే ఆకులు వేలాడేస్తుంది.

కొత్త ఆకులు ఆకుపచ్చ, పసుపు రంగుల్లో వస్తున్నాయి, ఎరుపు ముదిరాకే ఎక్కుతుంది, అదీ వెలుతురు బాగా ఉంటేనే. మధ్యలో ఆకుల అడుగున సాలెగూడు లాంటి సన్నటి గూళ్లు, సూది మొనంత చుక్కలు కనిపించాయి, అది ఎర్రనల్లి అనే రసం పీల్చే పురుగు. సబ్బునీళ్లలో ముంచిన గుడ్డతో రెండు వైపులా తుడుస్తున్నాను, చాలావరకు తగ్గింది.

ఆకు, కొమ్మ తెగినచోట కారే పాలు తగిలితే చర్మం మండుతుంది, బట్టకి మరక పడితే వదలదు. చిన్నపిల్లలున్న ఇంట్లో అందకుండా పెట్టండి.