ఇంటి చదువు: పొద్దుటి ప్రార్థన, పదో తరగతి సర్టిఫికెట్

ప్రశ్న, ప్రొద్దుటూరు నుంచి

అందరికీ వందనాలు. మా పెద్దోడికి పన్నెండు దాటాయి, చిన్నదానికి ఏడు. ఇద్దరికీ బడి మాన్పించి ఇంట్లోనే చెప్పుకుంటున్నాం. పొద్దున ఆరున్నరకు కుటుంబ ప్రార్థన, చాప మీద నుంచి లేవకుండానే పాఠాలు. వాక్యం చదవడం మొదలుపెట్టగానే చిన్నది మంచం కిందికి దూరిపోతుంది, మా ఆయనకు కోపమొస్తుంది, ఆ రోజంతా అట్లే పోతుంది. మా అత్తమ్మ అయితే "పదో తరగతి సర్టిఫికెట్ ఎవరిస్తారమ్మా, మీ పాస్టరయ్యనా?" అని రోజూ అడుగుతుంది. ఇంకోటి, వేమన పద్యాలు నేర్పుతుంటే విశ్వాసుల ఇంట్లో అవెందుకని సంఘంలో ఒకామె అనింది. మీరెట్లా చేస్తున్నారు?

జవాబు, కర్నూలు నుంచి ఒక అక్క

వందనాలమ్మా. మీ అత్తమ్మ అడిగింది న్యాయమైన మాటే, ముందు అది తేల్చుకోండి. ఇంట్లో చదివినవాళ్లకు సర్టిఫికెట్ ఇచ్చేవి రెండున్నాయి: కేంద్రం వాళ్ల జాతీయ ఓపెన్ స్కూల్ (ఎన్‌ఐఓఎస్), మన రాష్ట్ర ఓపెన్ స్కూల్. రెండింట్లోనూ పదికి 14 ఏళ్లు నిండాలి, కాబట్టి మీవాడికి ఇంకా టైముంది. మా పెద్దమ్మాయి ఎన్‌ఐఓఎస్‌లో రాస్తోంది. తెలుగు మీడియం ఉంది. కింది తరగతుల టీసీ లేకపోయినా, పది చదవగలనని రాసిచ్చి చేరొచ్చు. ఐదు సబ్జెక్టులు పాసవ్వాలి. పరీక్షలు ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి పెడతారు. అన్నీ ఒకేసారి రాసేయాలని లేదు, ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలిస్తారు. మా అమ్మాయి తెలుగు, సోషల్ ముందు రాసేసి లెక్కలు తర్వాతకు పెట్టుకుంది. టెన్షన్ సగం అక్కడే తగ్గింది.

చట్టం సంగతి కూడా తెలిసుండాలి. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల కోసం. తల్లిదండ్రులు పిల్లల్ని బడిలో చేర్చాలని 10వ సెక్షన్‌లో ఉంది, చేర్చకపోతే ఇదీ శిక్ష అని మాత్రం లేదు. ఇంటి చదువు ఊసే అందులో లేదు. బడి ఈడు పిల్లల సర్వేకు టీచర్లు వస్తే వాదనకు దిగొద్దు. కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, నోట్‌బుక్కులు చూపించండి. తేదీలు వేసి రాయించడం అందుకే అలవాటు చేయాలి.

ఇక ప్రార్థన. నా అభిప్రాయం కాస్త కటువుగా ఉంటుంది, ఏమీ అనుకోవద్దు. ప్రార్థనను మొదటి పీరియడ్ చేయకండి. చాప మీద నుంచి లేవకుండానే లెక్కల పుస్తకం తెరిస్తే, ఆ పిల్లకు దేవుడూ ఎక్కాలూ ఒకటే అయిపోతాయి, రెండింటి నుంచీ తప్పించుకోవాలనే చూస్తుంది. మా ఇంట్లో ఒక పాట, ఒక చిన్న కీర్తన, ఒక్కొక్కరు ఒక్కో మాటతో ప్రార్థన, అంతే. చాప మడిచేస్తాం. తర్వాత ఉగ్గాని తిని, వేరే గదిలో పాఠాలు. బైబిల్లో కీర్తనలన్నీ ఒకే కొలతలో లేవు కదా, 117లో రెండే వచనాలు, 119లో 176. మా ఇంటాయన ఒకరోజు ఆ పెద్దది పట్టుకున్నాడు, సగంలోనే పిల్లలు గోడకానుకుని నిద్ర! కాస్త చదవగలిగే పిల్లలకు బైబిల్లోని సామెతల గ్రంథం బాగుంటుంది. 31 అధ్యాయాలు, తారీఖు ఎంతైతే ఆ అధ్యాయంలోంచి ఒక్క వచనం. చిన్నదాని చేతికి కంజీర ఇచ్చి పాట తననే ఎత్తుకోమనండి, మంచం కింద నుంచి తనే వస్తుంది.

మా హాల్లో నేలంతా నల్ల కడప బండలు. చిన్నోడు బోర్లా పడుకుని సుద్దముక్కతో ఒక్కో బండ మీద ఒక్కో లెక్క చేస్తాడు, తడిగుడ్డతో తుడిచి మళ్లీ మొదలు. ఎండాకాలం పదకొండు దాటితే కర్నూల్లో ఎవరం కుదురుగా కూర్చోలేం, కాబట్టి లెక్కలు ముందే ముగించేస్తాం. మధ్యాహ్నం కథలూ బొమ్మలే.

జవాబు, అనంతపురం నుంచి ఒక బ్రదర్

వేమన సంగతి నేను చెప్తా. 1829లో ఆ పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించిన బ్రౌన్ దొర ఎవరనుకున్నారు? పాదిరి కొడుకు. ఆయన 1820లో కడపకు వచ్చినవాడు. యర్రముక్కపల్లెలో ఆయన బంగళా ఉన్నచోటే ఇప్పుడు లైబ్రరీ ఉంది, ప్రొద్దుటూరు నుంచి బస్సెక్కితే పిల్లలకు చూపించి సాయంత్రానికి తిరిగి రావొచ్చు. వేమన సమాధి మా కదిరి వైపు కటారుపల్లెలో ఉంది. వేషం వేసే భక్తిని ఆయన ఎట్లా కడిగాడో పిల్లలకు చెప్పండి, ఆదివారం ప్రసంగానికేం అడ్డురాదు. ఆమెతో మాత్రం గొడవ పెట్టుకోవద్దు సిస్టర్.

మళ్లీ ప్రొద్దుటూరు నుంచి

చాలా థ్యాంక్స్ అక్కా, బ్రదర్. సైన్స్ తీసుకుంటే ప్రాక్టికల్స్ ఎట్లా? ఇంట్లో చదివితే ప్రభుత్వం తల్లుల ఖాతాలో వేసే తల్లికి వందనం డబ్బులు వస్తాయా?

జవాబు, కర్నూలు అక్క

ప్రాక్టికల్స్ స్టడీ సెంటర్‌లో చేయిస్తారు. అడ్మిషన్ అప్పుడే దగ్గర్లోని సెంటర్ చూసుకుని, అక్కడ ల్యాబ్ ఉందో లేదో మీరే వెళ్లి కళ్లారా చూడండి. డబ్బులు రావు తల్లీ, బడి హాజరు ఉన్నవాళ్లకే అది. ఇంకో పని ఇప్పుడే చేసిపెట్టుకోండి. మన ఇళ్లల్లో ఇంట్లో పిలిచే పేరొకటి, చర్చి రిజిస్టర్‌లో ఇంకోటి, ఆధార్‌లో మరొకటి ఉంటాయి. జనన ధ్రువపత్రం, ఆధార్ రెండింట్లో పేరూ పుట్టినతేదీ ఒక్క అక్షరం తేడా లేకుండా కలిసేలా చూసుకోండి. తేడా ఉంటే అడ్మిషన్లు మొదలయ్యేదాకా ఆగకుండా ఈ నెలలోనే మీసేవకో ఆధార్ సెంటర్‌కో వెళ్లండి.