విద్యుత్ విమానాలకు సౌర ఛార్జింగ్: భోగాపురంలో ఇప్పుడే చోటు కేటాయించాలా?

చంపావతి ఇంజనీరు (విజయనగరం):
భోగాపురం విమానాశ్రయంలో విద్యుత్ విమానాల ఛార్జింగుకు కావలసిన సౌర ఫలకాలకు, భూగర్భ కేబుళ్లకు, ఒక సబ్‌స్టేషనుకు తొలి దశలోనే చోటు కేటాయించాలని నా అభిప్రాయం. విమానాలు నిలిచే చోట కాంక్రీటు పోసేశాక దాన్ని తవ్వి కేబుళ్లు వేయడం ఎంత ఖర్చుతో కూడిన పనో నిర్మాణ రంగంలో ఉన్నవారందరికీ తెలుసు. కొచ్చి విమానాశ్రయం 2015 ఆగస్టులో 12 మెగావాట్ల కేంద్రంతో ప్రపంచంలోనే పూర్తిగా సౌర విద్యుత్తుపై నడిచే తొలి విమానాశ్రయమైంది. మన ఎండ కేరళ ఎండకు తీసిపోదు. ఒక మెగావాట్ కేంద్రానికి నాలుగైదు ఎకరాలు చాలు. అది రోజుకు సగటున 4,000 యూనిట్ల వరకు ఇస్తుంది. 2022 సెప్టెంబరులో అమెరికాలో తొలిసారి ఎగిరిన ఆలిస్ అనే తొమ్మిది సీట్ల విమానం బ్యాటరీ సుమారు 800 యూనిట్లది. ఆ లెక్కన ఒక్క మెగావాట్‌తో అలాంటి విమానాన్ని రోజుకు నాలుగైదుసార్లు నింపవచ్చు. భోగాపురం నుంచి ఒడిశాలోని జయపురం గగనమార్గంలో సుమారు 140 కిలోమీటర్లు, రాజమహేంద్రవరం సుమారు 200 కిలోమీటర్లు. తొలితరం విద్యుత్ విమానాలకు తగిన దూరాలు ఇవే.

సాలూరు లారీ యజమాని:
ఇంజనీరు గారు చెప్పిన ఆ విమానం తొలిసారి గాలిలో ఉన్నది ఎనిమిది నిమిషాలు మాత్రమే. ఆ సంగతి కూడా రాసి ఉండాల్సింది. ఇక అసలు విషయానికి వస్తాను. కిలో విమాన ఇంధనంలో దాదాపు 12 యూనిట్ల శక్తి ఉంటుంది. కిలో లిథియం బ్యాటరీలో ఉండేది పావు యూనిట్. విద్యుత్ మోటారు ఇంధన ఇంజను కంటే పొదుపుగా వాడుకుంటుందని ఎంత తగ్గించి లెక్క వేసినా ఆ తేడా పూడదు. పైగా ఇంధనం ఖర్చయ్యే కొద్దీ మామూలు విమానం బరువు తగ్గుతుంది. బ్యాటరీ విమానం ఎంత బరువుతో లేచిందో అంత బరువుతోనే దిగాలి. నేను వాయిదాలు కట్టి లారీలు నడిపేవాణ్ణి. బండి ఆగి ఉన్న ప్రతి గంటా నా జేబులోంచే పోతుంది. 800 యూనిట్లు అరగంటలో ఎక్కించాలంటే 1,600 కిలోవాట్లు కావాలి. మీ మెగావాట్ కేంద్రం నడిమధ్యాహ్నం కూడా అంత ఇవ్వలేదు.

చంపావతి ఇంజనీరు:
ఫలకాల నుంచి విమానానికి నేరుగా తీగ లాగాలని నేను చెప్పలేదు. నేల మీద ఉండే బ్యాటరీలు పగలంతా నింపుకుని, విమానం వచ్చినప్పుడు ఒక్కసారిగా ఇస్తాయి. బరువు చింత గాలిలో ఉన్న బ్యాటరీకే ఉంటుంది, నేల మీది బ్యాటరీ ఎంత బరువున్నా నష్టం లేదు.

నెల్లిమర్ల యువకుడు:
ముందు విజయనగరం నుంచి, శ్రీకాకుళం నుంచి భోగాపురానికి వేళకు బస్సులు వేయమని అడగాలి.

ఉద్దానం రైతు:
నాది ఒకే ప్రశ్న. రాత్రి ఏడు గంటలకు దిగిన విమానానికి ఎక్కించేది ఏ కరెంటు?

చంపావతి ఇంజనీరు:
కొచ్చిలో పగటి మిగులును గ్రిడ్డుకు ఇచ్చి, రాత్రి అంతే విద్యుత్తును తిరిగి తీసుకుంటారు. ఏడాది మొత్తం మీద లెక్క సరిపోతుంది.

ఉద్దానం రైతు:
లెక్క సరిపోతుందేమో, రాత్రి తీగలో వచ్చేది మాత్రం ఎక్కువగా బొగ్గు కరెంటే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా పలాస తీరాన్ని దాటినప్పుడు వేలాది స్తంభాలు నేలకూలాయి, ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అప్పుడు గ్రిడ్డు మీకు ఏమి తిరిగి ఇస్తుంది? 2014లో హుద్‌హుద్ విశాఖ విమానాశ్రయం పైకప్పునే లేపేసింది. సముద్రానికి దగ్గరలో ఉన్న భోగాపురంలో ఎకరాలకు ఎకరాలు ఫలకాలు పరిస్తే ఆ గాలికి నిలుస్తాయా?

టెక్కలి విద్యార్థిని:
పెద్దలు ప్రయాణికుల విమానాల గురించే మాట్లాడుతున్నారు. పిపిస్ట్రెల్ వెలిస్ ఎలక్ట్రో అనే రెండు సీట్ల శిక్షణ విమానానికి 2020 జూన్‌లోనే ఐరోపా విమాన భద్రతా సంస్థ ధ్రువీకరణ ఇచ్చింది. అది ఒకసారి నింపితే సుమారు 50 నిమిషాలు ఎగురుతుంది, బ్యాటరీ పాతిక యూనిట్ల లోపే. శిక్షణార్థి మొదటి పాఠాలు పగటిపూటే, విమానాశ్రయం చుట్టూనే సాగుతాయి కాబట్టి ఎండ ఉన్న వేళకూ, విమానం అవసరానికీ అక్కడ పొత్తు కుదురుతుంది. రాత్రి ఏడు గంటల ప్రశ్న దానికి వర్తించదు. పైలట్ కావాలనుకున్న నాలాంటి వారు ఇంధనం ఖర్చు వల్ల పెరిగే ఫీజు చూసి వెనక్కి తగ్గుతున్నారు. మా ఇంట్లో కూడా ఆ మాట అక్కడితోనే ఆగిపోయింది.

సాలూరు లారీ యజమాని:
ఈ అమ్మాయి మాటలో పస ఉంది. వాడుకలో ఉన్న యంత్రం గురించి చెప్పింది, రాబోయే యంత్రం గురించి కాదు.

చంపావతి ఇంజనీరు:
శిక్షణ మంచిదే, కానీ అక్కడితో ఆగిపోతే మన ప్రాంతం మళ్లీ వెనుక వరుసలోనే ఉంటుంది. స్వీడన్‌లో మొదలైన హార్ట్ ఏరోస్పేస్ 30 సీట్ల విమానాన్ని కేవలం బ్యాటరీపై 200 కిలోమీటర్లు నడపాలని పని చేస్తోంది. నార్వే 2040 నాటికి దేశంలోపలి విమానాలను విద్యుత్తు వైపు మళ్లించాలని లక్ష్యం పెట్టుకుంది. ప్రాంతీయ మార్గాలకు ఉడాన్ పథకం కింద ప్రభుత్వమే లోటు భర్తీ చేస్తోంది. 2024 నుంచి పౌర విమానయాన మంత్రి శ్రీకాకుళం ఎంపీయే. ఇన్ని కలిసి వచ్చినప్పుడు కూడా రైతు గారు రాత్రి ఏడు గంటల దగ్గరే నిలబడి ఉన్నారు. నిజం చెప్పాలంటే, మన జిల్లాల్లో ఏది వచ్చినా ముందు వద్దనడం ఒక అలవాటుగా మారింది. పిల్లలు చెన్నైకీ, హైదరాబాదుకీ వలస పోవడానికి ఈ అలవాటు కూడా ఒక కారణం.

ఉద్దానం రైతు:
ఆ మాట మీరు వెనక్కి తీసుకోవాలి. సోంపేట బీల భూముల్లో థర్మల్ కేంద్రం వద్దన్నందుకు 2010 జూలై 14న కాల్పులు జరిగి మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అది అలవాటు కాదు. ఆ చిత్తడి నేల ఎన్ని ఊళ్లకు నీరు, చేపలు, పశువుల మేత ఇస్తుందో తెలిసినవారు చేసిన పోరాటం.

నా సంగతి కూడా రాస్తాను. మా నాన్నగారి జీడి, పనస తోట ఒక ప్రాజెక్టు కోసం పోయింది. ముందు కొలిచింది వేరు, తరువాత అదనపు అవసరమని గుంజుకున్నది వేరు. ఇంటికొక ఉద్యోగం అన్నారు, నా తమ్ముడు ఇప్పుడు అదే ప్రాజెక్టు గేటు దగ్గర కాంట్రాక్టు కాపలాదారు. భోగాపురానికి మొదట 15,000 ఎకరాలు అన్నారు, జనం నిలబడితే చివరికి 2,200 ఎకరాల దగ్గరకు వచ్చింది. జనం అడగకపోతే ఆ అంకె తగ్గేదా? ఇప్పుడు మా మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో మరో విమానాశ్రయం అంటున్నారు. అక్కడ కూడా రేపు విద్యుత్ విమానాలు, సౌర క్షేత్రం అని చెప్పి ఇంకొన్ని వందల ఎకరాలు అడగరని ఎవరు హామీ ఇస్తారు? మెగావాట్‌కు అయిదు ఎకరాలని మీరు తేలికగా రాశారు. అయిదు ఎకరాల కొబ్బరి తోట అంటే ఉద్దానంలో ఒక కుటుంబం మొత్తం.

కొత్తవలస గృహిణి:
రైతు గారు ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

చంపావతి ఇంజనీరు:
సోంపేట విషయంలో మీతో వాదించను. కానీ నా ప్రతిపాదన ప్రహరీ లోపలి భూమి గురించే. రన్‌వే పక్కన భద్రత కోసం ఖాళీగా వదిలే నేలలో కొంత, టెర్మినల్ పైకప్పు, వాహనాల పార్కింగ్ షెడ్ల కప్పులు. పైలట్ల కళ్లలోకి మెరుపు కొట్టకుండా ఫలకాల వాలు, దిశ ముందే పరిశీలించి పెడతారు. కొచ్చిలో ఫలకాల కింద కూరగాయలు కూడా పండిస్తున్నారు.

ఉద్దానం రైతు:
అయితే ఒక వాక్యం రాయండి: ఛార్జింగ్ కోసమైనా, ఫలకాల కోసమైనా, ప్రహరీ బయట ఒక్క సెంటు కూడా ఎప్పటికీ తీసుకోరాదని. ఆ వాక్యంతో మీరు వినతిపత్రం పెడితే నేను కూడా సంతకం చేస్తాను. రాత్రి కరెంటు గురించి మళ్లీ అడగను.

చంపావతి ఇంజనీరు:
ఎప్పటికీ అన్న మాట నేను రాయలేను. రేపు 30 సీట్ల విమానాలు రోజుకు ఇరవై వస్తే పైకప్పులు చాలవు. అప్పుడు న్యాయమైన ధరకు, యజమాని ఇష్టపడితేనే, లీజుకు తీసుకునే మార్గమైనా తెరిచి ఉంచాలి. ఉత్తరాంధ్రకు ప్రతిదీ చివర వస్తుందన్నది నా బాధ. ఒక్కసారైనా ముందు రావాలని కోరుకుంటున్నాను.

ఉద్దానం రైతు:
ఉత్తరాంధ్ర నుంచి ప్రతిదీ ముందు అడుగుతారన్నది నా బాధ. లీజు అన్నది మా దగ్గర ఎలా ముగుస్తుందో చూశాం. యజమాని ఇష్టం అన్న మాటకు గ్రామసభ తీర్మానం తోడు లేకపోతే విలువ ఉండదు.

సాలూరు లారీ యజమాని:
గ్రామసభ షరతు పెట్టి ఇంజనీరు గారు రాయవచ్చు కదా? దానికి అభ్యంతరం ఏమిటో నాకు అర్థం కాలేదు.

చంపావతి ఇంజనీరు:
గ్రామసభ తీర్మానం షరతుకు నాకు అభ్యంతరం లేదు. ఎప్పటికీ వద్దన్న నిషేధానికే అభ్యంతరం. ఈ వారంలో ముసాయిదా ఇక్కడే పెడతాను. మొదటి భాగంలో శిక్షణ విమానాల ఛార్జింగ్, పైకప్పుల మీది ఫలకాలు మాత్రమే ఉంటాయి.

ఉద్దానం రైతు:
మొదటి భాగం వరకు నా సంతకం ఉంటుంది. రెండో భాగం చదివాక చెబుతాను.