నూనె మిల్లు జాగాలో పది అంతస్తులు: కర్నూలు వన్‌టౌన్ సందులు మోస్తాయా?

వన్‌టౌన్ వాసి

మా సందు చివర ఏండ్ల తరబడి మూతబడిన నూనె మిల్లు జాగాలో అపార్ట్‌మెంట్ కడతామని బోర్డు పెట్టినారు. కింద సెల్లార్‌లో పార్కింగ్, రోడ్డు వైపు షాపులు, వాటి మీద పది అంతస్తులు, మొత్తం 80 ఫ్లాట్లు. బుకింగులు కూడా మొదలైనాయంట. మా వీధోళ్లం అభ్యంతరం రాసి సంతకాలు పెట్టిస్తున్నాం. ఊరు బాగుపడతాంటే అడ్డం పడతారేందని కొందరు మొహం మీదే అడిగినారు కాబట్టి మా మాటేందో ఇక్కడ పెడుతున్నా.

మొదటిది దారి. మెయిన్ రోడ్డు మలుపులో మా సందు 24 అడుగులు. పిండిమిషను దగ్గరికి వచ్చేసరికి 17. అక్కడ ఒక పక్క కాలువ మీద బండలు, ఇంకో పక్క ఇండ్ల మెట్లు. నేనూ మా పక్కింటాయనా టేపు పట్టి కొలిచినాం. మిల్లు గేటు ముందర మాత్రం 30 ఉంది, బ్రోచర్‌లో బొమ్మ వేసింది ఆ ముక్కనే. పొద్దున ఎనిమిదిన్నరకు స్కూలు వ్యాను, గ్యాసు ఆటో ఎదురుపడితే ఎవరో ఒకరు మలుపు దాకా రివర్సులో పోవాల్సిందే. వెనక నిలబడిన బైకులన్నీ ఇండ్ల అరుగుల మీదికి ఎక్కుతాయి. 80 కుటుంబాలకు కార్లు, బైకులు, వాళ్ల ఇంటికొచ్చే చుట్టాలు, కింద షాపులకు సరుకు దించే బండ్లు, ఇవన్నీ ఆ 17 అడుగుల నుంచే రావాల.

రెండోది సెల్లార్. 2009 అక్టోబరు 2 ఈ ఊర్లో ఎవరూ మర్చిపోలేదు. పైనుంచి తుంగభద్ర, ఇంకో పక్క హంద్రీ పొంగినాయి. కింద శ్రీశైలంలో పూర్తి మట్టం 885 అడుగులైతే నీళ్లు 896 దాకా ఎక్కినాయి. నది కిందికి పోలేక వెనక్కి తన్నింది, పాతూరంతా మునిగింది. మా ఇంట్లో మిద్దె మెట్లలో ఏడో మెట్టు దాకా నీళ్లు. తీసినాక గదుల్లో మోకాలి లోతు బురద. అట్లాంటి నేలలో ఇంకో పది అడుగులు తవ్వి కార్లు పెట్టుకుంటామంటే, కొనేవాళ్ల మేలు కోరి చెప్తున్నా, అది గొయ్యి.

చెక్‌పోస్ట్ అవతల

అన్నా, నేను పుట్టింది మీ పక్క గేరిలోనే. మా తాత కట్టిన ఇల్లు మా నాయన అన్నదమ్ములు నలుగురు పంచుకున్నారు. మా భాగానికి వచ్చింది ఒక గది, వసారా. పెండ్లయినాక నంద్యాల చెక్‌పోస్ట్ దాటి బాడుగ ఇంట్లో ఉంటున్నా. మా అమ్మ మాత్రం ఆ గదిలోనే ఉంది. ఆమెకు జ్వరమొస్తే నేను ఊరంతా దాటి రావాల. పాతూర్లో ఒక ఫ్లాట్ దొరుకుతాదంటే నాకెంత ఆశో మీకు తెలీదు. మీ సంతకాల కాగితంలో నాలాంటోళ్ల మాట ఒక్కటీ లేదు.

దారి అంటారా, ఆ మిల్లు నడిచినన్నాళ్లూ శనక్కాయల లారీలు పోయింది ఆ సందులోంచే. అప్పుడు లేని అభ్యంతరం మనుషులు వస్తామంటే వచ్చింది.

వరద మాట మీరే తెచ్చినారు కాబట్టి అడుగుతా. ఆ రోజు ప్రాణాలు ఎట్ల దక్కినాయి? మిద్దెలెక్కినోళ్లు బతికినారు. ఒంటి అంతస్తు రేకుల ఇండ్లోళ్లు పక్కింటి మిద్దె మీదికి, తాళ్లు పట్టుకొని దాటినారు. నీళ్లొచ్చే ఊర్లో ఎత్తు ఇల్లు ఉండాలని చెప్పాల్సింది పోయి వద్దంటారేంది? పంట భూములు ప్లాట్లు వేసుకుంటూ ఊరు నాలుగు దిక్కులా పోతోంది. ఓర్వకల్లు దారి చూసినారా? ఊరి నడుమ ఖాళీగా ఉన్న జాగాలో కట్టుకోవడం కంటే అది మంచిదా?

పెద్దమార్కెట్ కుర్రోడు

అది వస్తే మన సందులో సెంటు రేటు పెరుగుతాది. అమ్ముకునేటోళ్లకు లాభమే కదా. ఎందుకు వద్దంటాన్నారో అర్థం కాలేదు.

వన్‌టౌన్ వాసి

అమ్ముకునేటోళ్లకు లాభమే తమ్ముడూ. మేము అమ్మేటోళ్లం కాదు, ఉండేటోళ్లం. బాడుగకు ఉండేటోళ్లకైతే రేటు పెరగడమంటే ఇల్లు ఖాళీ చేయడమే.

సి క్యాంప్ ఇంజనీరు

ప్లాన్లు గీసే పనిలోనే జీవితమంతా గడిపాను కాబట్టి నిబంధనల వరకు చెప్తాను. అభ్యంతరం ఆవేశంగా ఉంటే పక్కన పడేస్తారు. నిబంధన చూపిస్తే సమాధానం రాయక తప్పదు.

2017లో వచ్చినప్పటి రాష్ట్ర భవన నిబంధనల ప్రకారం 18 మీటర్లు, అంతకు మించిన ఎత్తు ఉంటే అది హైరైజ్, అంటే బాగా ఎత్తైన భవనం. షాపుల మీద పది అంతస్తులంటే 30 మీటర్లు దాటుతుంది. హైరైజ్‌కు ముందున్న రోడ్డు కనీసం 12 మీటర్లు, అంటే దాదాపు 40 అడుగులు ఉండాలి. భవనం చుట్టూ కనీసం 7 మీటర్లు ఖాళీ వదలాలి. ఎత్తు పెరిగే కొద్దీ ఈ రెండూ పెరుగుతాయి. మీరు కొలిచిన 17, 24, 30 అడుగుల్లో ఏదీ ఆ లెక్కకు రాదు. మరి ప్లాన్ ఎట్లా పెడతారంటే, రోడ్డు విస్తరణకు తన జాగా కొంత వదులుతున్నానని చూపిస్తారు, దానికి టీడీఆర్ బాండ్లు, అంటే వదిలిన జాగాకు బదులుగా ఇంకోచోట అదనంగా కట్టుకునే హక్కు పత్రాలు, కూడా అడగవచ్చు. కానీ వదిలేది తన గేటు ముందర మాత్రమే. పిండిమిషను దగ్గర సందు అట్లాగే ఉంటుంది. మీ కాగితంలో మొదటి పేరా ఇదే కావాలి: మెయిన్ రోడ్డు నుంచి గేటు దాకా ఎక్కడెక్కడ ఎంత వెడల్పు ఉందో కొలతలతో ఒక బొమ్మ గీసి జతచేయండి.

రెండోది అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం. ఇంత ఎత్తు నివాస భవనానికి 1999 అగ్నిమాపక చట్టం కింద అది తప్పనిసరి. పై అంతస్తులకు నిచ్చెన అందించే బండి మామూలు ఫైరింజన్ కాదు, చాలా పెద్దది. భవనం చుట్టూ వదిలిన నేల 45 టన్నుల బండి బరువు ఆగేలా గట్టిగా ఉండాలని జాతీయ భవన కోడ్ చెప్తుంది. ఆ బండి మీ మలుపు తిరగగలదా? నిప్పంటుకున్న రోజు ఆ సందులో ఇరుక్కుపోతే పదో అంతస్తు వాళ్లకే కాదు, మీకూ దిక్కుండదు. తమ్ముడు అడిగిన శనక్కాయల లారీకి ఇదే జవాబు. లారీ గంటసేపు ఆగి అయినా పోతుంది, ఫైరింజన్ ఆగకూడదు.

మూడోది తవ్వకం. పాతూరి ఇళ్లు చాలావరకు రాయి, మట్టి లేదా సున్నంతో కట్టినవి, పైన బండల కప్పు. పునాదులు లోతు ఉండవు. పక్కన సెల్లార్ తవ్వేటప్పుడు నేల జారకుండా గోడ కట్టకపోతే ముందు పగుళ్లు కనిపించేది ఆ ఇళ్లలోనే. పని మొదలుకాక ముందే చుట్టుపక్కల ప్రతి ఇంటి గోడలూ తేదీ పడేలా ఫోటోలు తీసి పెట్టుకోండి. తర్వాత అది పాత పగులు అంటే మీ దగ్గర రుజువు ఉంటుంది.

కాగితంలో కొండారెడ్డి బురుజు మాట కూడా రాశారని విన్నాను. దాన్ని తీసేయండి. కేంద్ర పురావస్తు శాఖ కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధం, ఆ తర్వాత 200 మీటర్లు నియంత్రణ. మిల్లు జాగా ఆ బురుజుకు కిలోమీటరు పైన ఉంది. ఒక్క తప్పు పాయింట్ ఉన్నా మిగతావాటి విలువ పోతుంది.

మిద్దె మీద నుంచి

అందరూ రోడ్డు, వరద గురించే రాస్తున్నారు, రోజూ వాడే నీళ్ల మాట ఎవరూ ఎత్తలేదు. మా ఇండ్లలో ఆ లెక్క చూసుకునేది ఆడవాళ్లం కాబట్టి నేను రాస్తున్నా.

80 ఫ్లాట్లు, ఇంటికి నలుగురనుకున్నా 320 మంది. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లని ప్రభుత్వ లెక్క. అంటే రోజుకు 43 వేల లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు తొమ్మిది. మా సందులో ఎండాకాలం కొళాయి రోజు విడిచి రోజు వస్తుంది, వచ్చినప్పుడు చివరి ఇండ్లకు సన్నటి ధార. వాళ్లు పెద్ద సంపు కట్టి మోటారు పెడితే ఆ ధార కూడా ఉండదు. లేదంటే బోర్లు వేస్తారు, మా బోర్లు ఎండుతాయి. వాడిన నీళ్లలో ఐదింట నాలుగు వంతులు మురుగు. అంటే రోజూ దాదాపు 35 వేల లీటర్లు మా మూరెడు కాలువలోకి. చిన్న వానకే అది పొంగి గడపల దాకా వస్తోంది. ఆ కాలువ కలిసేది హంద్రీలో. పది అంతస్తులు కట్టేవాళ్లు మురుగు శుద్ధి ప్లాంటు లోపలే కట్టుకోవాలని, ముందు దాన్ని చూపించాలని కాగితంలో రాయండన్నా.

ఇంకొకటి. ఇది నిబంధనల్లో ఉండదు, అయినా చెప్తా. మాకు మిద్దే అన్నీ. మే నెల రాత్రుళ్లు మంచాలు అక్కడే వేస్తాం, బట్టలు, మిరపకాయలు, వడియాలు అక్కడే ఆరబెడతాం. మా వీధిలో సగం ముస్లిం కుటుంబాలు, పరదా పాటించే ఆడపిల్లలకు గాలి తగిలేది ఆ మిద్దె మీదే. పైనుంచి నలభై బాల్కనీలు చూస్తుంటే వాళ్లు ఎక్కరు. బిల్డర్‌ను అడిగితే "ఎవరూ చూడరమ్మా" అన్నాడు. చూడరన్నది కాదు, మేము ఎక్కలేమన్నది నా బాధ.

చెక్‌పోస్ట్ అవతల

అక్కా, మిద్దె సంగతి నాకు తెలుసు. మా అమ్మ కూడా అక్కడే పడుకుంటాది. దానికి నా దగ్గర జవాబు లేదు.

కానీ ఇంజనీరు సార్, ఒకటి నేరుగా అడుగుతా. మన సందుల్లో రెండు సెంట్లలో గోడకు గోడ ఆనించి నాలుగంతస్తులు లేపినోళ్లు ఎంతమంది లేరు? వాటికి చుట్టూ జానెడు జాగా అన్నా వదిలినారా? ఫైరింజన్ వాటి దగ్గరికి పోతాదా? అవన్నీ మన చుట్టాలవి కాబట్టి సంతకాలు రాలేదు. బయటోడు అన్నీ చూపించి కడతానంటే మాత్రం నిబంధనలు గుర్తొస్తాన్నాయి.

సి క్యాంప్ ఇంజనీరు

న్యాయమైన ప్రశ్న. ఆ నాలుగంతస్తులవీ తప్పే, వాటి మీదా రాయాలి. అయితే అక్కడ ఉండేది నాలుగు కుటుంబాలు, ఇక్కడ 80. భారం ఒక్కటి కాదు.

ఇంకో మాట. 1953లో ఈ ఊరు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు చోటు చాలక డేరాల్లో ఆఫీసులు నడిపారు. అప్పుడు కూడా పాతూరి సందుల మీదే బరువంతా మోపలేదు. ఊరి పక్కన కొత్తగా క్యాంపులు కట్టారు. నేనుండే సి క్యాంపులో ఇప్పటికీ వీధులు వెడల్పుగా ఉన్నాయంటే అందుకే. పాతూర్లో కట్టొద్దని నేననను. ఆ జాగాలో స్టిల్ట్ పార్కింగ్, అంటే నేల మట్టంలోనే స్తంభాల మధ్య బండ్లు పెట్టుకునే చోటు, దాని మీద నాలుగైదు అంతస్తులు, సెల్లార్ లేకుండా, ముప్పై నలభై ఫ్లాట్లు కడితే తమ్ముడికీ ఇల్లు దొరుకుతుంది, సందూ ఊపిరి పీల్చుకుంటుంది. దానికైనా సందు వెడల్పు చూడాల్సిందే, కానీ హైరైజ్ అంత చిక్కు ఉండదు.

వన్‌టౌన్ వాసి

సార్ చెప్పినట్లు నాలుగైదు అంతస్తులైతే నేను ఒప్పుకుంటా. మా వీధిలో కొందరు ఒప్పుకోరు, వాళ్లకు ఏ ఇల్లూ వద్దు. వాళ్లతో నేను ఏకీభవించను. మిల్లు జాగాలో ఇప్పుడు ముండ్లకంపలు, పాములు, చెత్త. రాత్రి ఆ పక్క నుంచి ఆడపిల్లలు రాలేకున్నారు. అది అట్లే ఉండాలని నేనెప్పుడూ అనలేదు.

తమ్ముడూ, వరదలో మిద్దె కాపాడిందన్న నీ మాట నిజమే, ఆ రోజు మా మిద్దె మీద కూడా ఇరవై మందికి పైగా ఉన్నారు. కానీ అపార్ట్‌మెంట్‌లో ట్రాన్స్‌ఫార్మరు, జనరేటరు, మోటార్లు అన్నీ కిందనో సెల్లార్‌లోనో పెడతారు. నీళ్లొస్తే ముందు పోయేది అవే. లిఫ్టు ఆగుతాది, సంపులోకి బురద నీళ్లు దిగుతాయి. పదో అంతస్తులో మీ అమ్మ ప్రాణంతో ఉంటాది, నిజమే. తాగే నీళ్లు ఎవరు మోస్తారు? పై అంతస్తు కాపాడాలంటే కింద మిషన్లన్నీ వరద గీత పైన ఉండాల. ఆ గీత ఎక్కడో మా గోడలు చూస్తే తెలుస్తాది, ప్లాన్ గీసినోడు ఒక్కసారి వచ్చి చూడలేదు.

సి క్యాంప్ ఇంజనీరు

అయితే కాగితం మార్చండి. "వద్దు" అని కాకుండా, రోడ్డు వెడల్పు, ఎన్‌ఓసీ, సెల్లార్, మురుగు, పక్క ఇళ్ల రక్షణ అని ఐదు పాయింట్లు. దాంతోపాటు సమాచార హక్కు కింద ప్లాన్ నకలు, రోడ్డు విస్తరణ ఒప్పంద పత్రం అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ప్లాన్ ఇంకా మంజూరు కాకపోతే ఇప్పుడే సమయం. మంజూరయ్యాక ఆపడం చాలా కష్టం.

మిద్దె మీద నుంచి

మిద్దెల సంగతి ఆరో పాయింటుగా రాయండన్నా. నిబంధన లేకపోయినా మా ఆడవాళ్ల సంతకాలు విడిగా పెట్టిస్తా.

చెక్‌పోస్ట్ అవతల

పది అంతస్తులు వద్దన్న కాగితం మీద నేను సంతకం పెట్టను. నాకు ఇల్లు కావాల. కానీ సెల్లార్ వద్దు, మిషన్లు వరద గీత పైన పెట్టాలన్నది ఒక్కటీ వేరే కాగితంగా రాయండన్నా. దాని మీద నేనూ పెడతా, బుకింగ్ చేసుకున్నోళ్లలో నాకు తెలిసినోళ్లతో కూడా పెట్టిస్తా. మునిగేది ముందు వాళ్ల బండ్లే కదా.