గోల్ఫ్‌లో వరుస విజయాలు: ఊపు ఎంత, యాదృచ్ఛికం ఎంత?

ప్రశ్న

బైరన్ నెల్సన్ 1945లో వరుసగా 11 టోర్నమెంట్లు గెలిచారు. టైగర్ వుడ్స్ 1998 నుంచి 2005 వరకు వరుసగా 142 పోటీల్లో కట్ (మొదటి రెండు రౌండ్ల తర్వాత వెనకబడినవారిని తప్పించే గీత) దాటారు. ఇలాంటివి చూసే మనం ఆటగాడు ఊపు మీదున్నాడంటాం. నా వద్ద ఒక ఆటగాడి మూడేళ్ల స్కోర్లు రౌండ్ల వారీగా ఉన్నాయి. అతను బాగా ఆడిన రౌండు తర్వాతి రౌండు కూడా సగటు కంటే మెరుగ్గానే కనిపిస్తోంది. ఇంతమాత్రాన ఊపు నిజమేనని తేల్చవచ్చునా?

సమాధానం 1

తేల్చలేమండీ. గోల్ఫ్‌లో స్కోరంటే కొట్టిన దెబ్బల సంఖ్య, తక్కువైతేనే మేలు; అయినా గాలి లేని ఉదయం చేసిన 68, గాలి హోరెత్తిన మధ్యాహ్నం చేసిన 72 ఒకే స్థాయి ఆట కావచ్చు. కాబట్టి ముందుగా ప్రతి స్కోరులోంచి ఆ రోజు అదే కోర్సులో ఆడినవారందరి సగటును తీసివేయండి. ఆ తర్వాత అసలు చిక్కు వస్తుంది: మూడేళ్లకూ ఒకే సగటు పెట్టుకుంటే, ఆటగాడు నెమ్మదిగా మెరుగుపడినా సరే, మంచి రౌండ్లన్నీ చివర్లో గుమిగూడి ఊపులా భ్రమ కలిగిస్తాయి. కానోలీ, రెండిల్‌మన్ 2008లో ప్రచురించిన పరిశోధనలో నైపుణ్యం కాలంతో మారుతుందనే లెక్కతోనే 1998–2001 నాటి పీజీఏ టూర్ (అమెరికాలోని ప్రొఫెషనల్ గోల్ఫ్ పోటీల వరుస) స్కోర్లను పరిశీలించారు. నిజమైన ఊపు కొద్దిమంది ఆటగాళ్లలోనే కనిపించింది. అయితే ఆ మారే సగటును మరీ తక్కువ రౌండ్లతో కట్టకండి, ఉన్న ఊపును కూడా అదే మింగేస్తుంది.

సమాధానం 2

పై మాటకు రెండు విషయాలు చేర్చాలి. మొదటిది కట్. మొదటి రెండు రౌండ్లు చెడిపోయినవారు సాధారణంగా శనివారం జరిగే మూడో రౌండు ఆడరు గనుక, శుక్రవారం–శనివారం జతల్లో చెడ్డ శుక్రవారాలు చాలావరకు ఉండనే ఉండవు. (వుడ్స్ 142లో అసలు కట్ అనేదే లేని పోటీలు కూడా ఉన్నాయి; వరుసను ఎలా నిర్వచించారో చూడకుండా అంకెను నమ్మడం నాకు నచ్చదు.)

రెండవది మిల్లర్, సాన్‌హుర్హో అనే పరిశోధకులు బయటపెట్టిన పక్షపాతం, అంటే లెక్కించే పద్ధతే ఒక వైపు మొగ్గడం. నాణేన్ని మూడుసార్లు ఎగరేసి, బొమ్మ వెంటనే మళ్లీ బొమ్మ పడిన నిష్పత్తిని ప్రతి వరుసకూ విడిగా లెక్కించండి. మొత్తం ఎనిమిది వరుసల్లో రెండింటిలో మొదటి రెండుసార్లూ బొమ్మ పడదు గనుక అవి పోతాయి; లెక్కకు వచ్చే మిగతా ఆరు వరుసల సగటు సగం కాదు, 5/12. అంటే చిన్న వరుసల్లో ఊపు ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు

కృతజ్ఞతలు. మరి ఈ పక్షపాతాన్ని ఎలా సరిచేయాలి? రౌండ్లు వదిలేసి, బర్డీ (హోల్‌కు నిర్ణయించిన దెబ్బల సంఖ్య అయిన పార్ కంటే ఒకటి తక్కువలో ముగించడం) తర్వాత బర్డీ లెక్కిస్తే మేలా?

సమాధానం 2

సవరించిన స్కోర్ల క్రమాన్ని ఒక్కో సీజన్ లోపలే కలగాపులగం చేసి, అదే కొలతను కొన్ని వేలసార్లు లెక్కించి, అసలు క్రమంలో వచ్చిన విలువతో పోల్చండి. పక్షపాతం అసలు క్రమంలోనూ కలిపిన క్రమంలోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి పోలిక న్యాయంగా ఉంటుంది. బర్డీలతో మాత్రం జాగ్రత్త: పార్ 5 హోల్ తర్వాత సులువైన పార్ 4 వస్తే రెండు బర్డీలు కోర్సు చలవే కావచ్చు. అక్కడ కూడా హోల్ వారీగా అందరి సగటును తీసివేయక తప్పదు.